9 ఓట్లతో ఓడిన సర్పంచ్ అభ్యర్థి ఏం చేసి ఉంటే గెలిచేది?

అందరికీ నమస్తే. మొన్న 2025 డిసెంబర్‌లో మా చిన్నమ్మ మా ఊర్లో సర్పంచ్‌గా నిలబడి 9 ఓట్లతో ఓడిపోయింది. చెల్లని ఓట్లే 23. నేను కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్నా. గులాబీ రంగు బ్యాలెట్ మీద స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డవి కళ్లారా చూశా. కడుపు మండిపోయింది.

సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు కదా, చిన్నమ్మను ఎరిగిన ముసలివాళ్లకు కూడా ఆమె గుర్తు కత్తెర అని ఎక్కలేదు. పోలింగ్ 7 నుంచి ఒంటి గంట దాకానే. హైదరాబాద్‌లో పనిచేసే మావాళ్లు బస్సు దిగేసరికి గేటు మూసేశారు. అవతలివాళ్లు ముందురోజు రాత్రే జీపుల్లో తెచ్చుకున్నారు. అలా ఓటర్లను బండ్లలో తేవడం నేరమే, కానీ అడిగేదెవరు?

5 వేల లోపు జనాభా ఉన్న ఊరికి ఖర్చు పరిమితి లక్షన్నర. మేం అది దాటలేదు, డబ్బు పంచలేదు. అందుకే ఓడామని మా బాబాయి అంటాడు. నాకైతే పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు.

సర్పంచ్‌గా గెలిచినవాళ్లు, గెలిపించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పంచకుండా గెలిచారా? వార్డు మెంబర్ల ప్యానెల్ ఎలా కట్టారు? ముద్ర ఎలా వేయాలో ఇంటింటికీ నేర్పించారా? చిన్నమ్మ మళ్లీ నిలబడతానంటోంది, ఐదేళ్ల టైముంది. ఇప్పటినుంచే ఏం మొదలుపెట్టాలి?