బీటెక్ తర్వాత నర్సింగ్: టెక్సస్‌లో ఏబీఎస్ఎన్‌కి అప్లై చేయడం గురించి

ఫ్రిస్కో నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. హెచ్‌4 వీసా (మావారు హెచ్‌1 మీద పనిచేస్తారు). ఈఏడీ, అంటే ఉద్యోగం చేసే అనుమతి కార్డు, లేదు. జేఎన్‌టీయూ బీటెక్, ఈసీఈ, 2015 పాసవుట్. ఇంటర్‌లో ఎంపీసీ, కాబట్టి బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. ఇక్కడ వేరే డిగ్రీ ఉన్నవాళ్లు ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ పూర్తి చేయొచ్చని, దాన్ని ఏబీఎస్ఎన్ అంటారని విన్నాను. బాబుకి నాలుగేళ్లు. ఏ కాలేజీ మంచిది? ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లేనో నుంచి:
కాలేజీ పేరు ఆఖర్న చూసుకోవచ్చమ్మా. ముందు ఇది తేల్చుకో: డిగ్రీ అయి, ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) పాసై, లైసెన్స్ చేతికొచ్చిన రోజున ఉద్యోగం చేసే అనుమతి నీకు ఉంటుందా?

హెచ్‌4 మీద ఫుల్‌టైమ్ చదువుకోవచ్చు, దానికి ఎఫ్‌1 స్టూడెంట్ వీసా అక్కర్లేదు. ఉద్యోగం మాత్రం ఈఏడీ ఉంటేనే. మీవారి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయితే, లేదా ఆయన హెచ్‌1 ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉంటే ఈఏడీకి అప్లై చేయొచ్చు. కాబట్టి వాళ్ల కంపెనీ పెర్మ్ (ఐ-140కి ముందు లేబర్ శాఖ దగ్గర జరిగే మెట్టు) ఎప్పుడు మొదలుపెడుతుందో ఈ రాత్రే అడుగు. నీ ప్రీరిక్విజిట్లు (కోర్సులో చేరకముందే చదవాల్సిన సబ్జెక్టులు) ఒక ఏడాది, కోర్సు ఇంకో ఏడాదిన్నర. ఆ రెండున్నరేళ్లలో ఐ-140 వచ్చేట్టుంటే దారి సాఫీ.

రాదనుకుంటే ఎఫ్‌1కి మారడం ఒక దారి. చదువయ్యాక పనిచేసుకునే 12 నెలల ఓపీటీ అనుమతి వస్తుంది. ఇంజనీరింగ్ వాళ్లకి వచ్చే స్టెమ్ పొడిగింపు నర్సింగ్‌కి లేదు. దీనికి మూల్యం కూడా ఉంది. టెక్సస్‌లో హెచ్‌4 వాళ్లు ఏడాది నివాసం చూపిస్తే ఇన్‌స్టేట్ ఫీజు (రాష్ట్రవాసులకి ఉండే తక్కువ ఫీజు) పడుతుంది, ఎఫ్‌1కి మారితే ఆ వీలు పోతుంది. పైగా ఎఫ్‌1 వాళ్లకి టర్ముకి ఒక్క ఆన్‌లైన్ క్లాసే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. థియరీ అంతా ఆన్‌లైన్, క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర శిక్షణ) మాత్రం హాస్పిటల్లో అనే హైబ్రిడ్ ఏబీఎస్ఎన్‌లు అందుకే ఎఫ్‌1కి కుదరవు.

ఓపీటీ తర్వాత హెచ్‌1బీ వస్తుందిలే అనుకోవద్దు. మామూలు స్టాఫ్ నర్స్ ఉద్యోగాలకి అది దాదాపు రాదు. రెండేళ్ల డిగ్రీతోనూ ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అవ్వొచ్చు గనక బ్యాచిలర్స్ తప్పనిసరి అని చూపించడం కష్టం. నర్సులకి షెడ్యూల్ ఏ అనే ప్రత్యేక జాబితా కింద పెర్మ్ లేకుండా గ్రీన్‌కార్డ్ వేస్తారు, నిజమే. కానీ మన ఇండియా ఈబీ3 (ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో మూడో కేటగిరీ) క్యూ పదేళ్లు దాటి ఉంది.

హ్యూస్టన్ నుంచి:
వీసా సంగతి వచ్చేసింది, చదువు సంగతి నేను చెప్తా. మీది నాలుగేళ్ల బీటెక్ కాబట్టి ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానంగా వస్తుంది. మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లకి మాత్రం ఇవాల్యుయేషన్‌లో (మన డిగ్రీ ఇక్కడి దేనికి సమానమో తేల్చే రిపోర్టులో) మూడేళ్ల చదువు అనే రాసి ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఏబీఎస్ఎన్‌కి అర్హతే ఉండదు.

డబ్ల్యూఈఎస్ లాంటి ఇవాల్యుయేషన్ సంస్థకి ఇచ్చేటప్పుడు కోర్స్-బై-కోర్స్ (ఒక్కో సబ్జెక్టుకీ క్రెడిట్లు, గ్రేడ్లు చూపే) రిపోర్టే తీసుకోండి. డాక్యుమెంట్-బై-డాక్యుమెంట్ చవగ్గా వస్తుందని తీసుకుని, తర్వాత మళ్లీ డబ్బు కట్టేవాళ్లు చాలామంది. సీఎంఎం (మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) స్కాన్ చేసి పంపితే సరిపోదు, ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. ఇండియాలో ఎవరో ఒకరు ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిరగాల్సిందే. ఇవాళే చెప్పి పెట్టండి.

ఇక ప్రీరిక్విజిట్లు. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీ కోర్సులకి రాష్ట్రమంతా ఒకే నంబర్లు, అదో సౌకర్యం. అనాటమీ అండ్ ఫిజియాలజీ బయోల్ 2401, 2402. మైక్రోబయాలజీ బయోల్ 2420 లేదా 2421. ఈ మూడూ ల్యాబ్‌తో కలిపి నాలుగేసి క్రెడిట్లు. స్టాటిస్టిక్స్ మ్యాథ్ 1342, లైఫ్‌స్పాన్ సైకాలజీ పీఎస్‌వైసీ 2314, న్యూట్రిషన్ బయోల్ 1322 మూడేసి క్రెడిట్లు. మొత్తం 21. కొన్ని చోట్ల ల్యాబ్‌తో కెమిస్ట్రీ కూడా అడుగుతారు. ఈసీఈలో చదివిన పీటీఎస్పీని (ప్రాబబిలిటీ సబ్జెక్టుని) స్టాటిస్టిక్స్ కింద ఒప్పుకుంటారనే లెక్కలో ఉండకండి. సిలబస్ కాపీ పెట్టి అడ్వైజర్‌కి మెయిల్ చేయండి, జవాబు రాతలో తీసుకోండి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీ బ్యాచిలర్స్ ఇవ్వాలంటే ఆరు క్రెడిట్ల అమెరికన్ హిస్టరీ, ఆరు క్రెడిట్ల గవర్నమెంట్ ఉండాలని రాష్ట్ర చట్టం. ఇక్కడే మొదటి డిగ్రీ చేసినవాళ్లకి మామూలుగా మినహాయింపు దొరుకుతుంది, విదేశీ డిగ్రీ వాళ్లని మాత్రం చాలా యూనివర్సిటీలు చదవమంటాయి. హిస్ట్ 1301, 1302, గవ్ట్ 2305, 2306. అంటే ఇంకో 12 క్రెడిట్లు! సైన్సులన్నీ ముగించి, డెడ్‌లైన్ నెలలో ఈ సంగతి తెలిస్తే ఒక బ్యాచ్ తప్పిపోయినట్టే.

ఫ్రిస్కో నుంచి:
ఇంత ఉందా! అయితే 2401, 2402, మైక్రో మూడూ ఈ సమ్మర్‌లో ఆన్‌లైన్‌లో లాగించేస్తే?

ఇర్వింగ్ నుంచి:
వద్దు చెల్లీ. మూడు కారణాలున్నాయి. 2401 పాసైతేగానీ 2402 తీసుకోనివ్వరు. ఆన్‌లైన్ ల్యాబ్‌ని కొన్ని ప్రోగ్రాములు లెక్కలోకి తీసుకోవు. మూడోది అసలైంది: ఐదు వారాల సమ్మర్‌లో ఏ అండ్ పీకి బీ కూడా కష్టం. సైన్స్ జీపీఏ విడిగా కడతారు. కాగితం మీద 3.0 కనీసం అని రాస్తారు గానీ, గట్టి పోటీ ఉన్నచోట 3.5 లోపు పిలుపు రావడం కష్టం. సీ వచ్చిందని మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా నర్సింగ్‌క్యాస్ (చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే సైట్) లెక్కలో రెండు గ్రేడ్లూ కలుస్తాయి. రెండోసారి రాసిన కోర్సుని ఒప్పుకోని కాలేజీలూ ఉన్నాయి.

ఫాల్‌లో 2401, సైకాలజీ, ఒక హిస్టరీ. స్ప్రింగ్‌లో 2402, స్టాటిస్టిక్స్, ఒక గవర్నమెంట్. మైక్రోకి పది వారాల సమ్మర్ సరిపోతుంది. మిగతావి ఖాళీని బట్టి. అలాగని మరీ సాగదీయొద్దు, సైన్స్ క్రెడిట్లకి గడువుంటుంది. చాలాచోట్ల ఐదు నుంచి ఏడేళ్లు.

టీస్ ప్రవేశ పరీక్ష ఏ అండ్ పీ రెండూ అయ్యాక రాయి. 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. సైన్స్ 50, రీడింగ్ 45, మ్యాథ్ 38, ఇంగ్లిష్ 37. మన ఇంజనీర్లకి లెక్కలు నల్లేరు మీద నడకే. మార్కులు పోయేది సైన్స్‌లో. ఇంగ్లిష్ విభాగంలో ప్రశ్నకి సరిగ్గా ఒక్క నిమిషం, అక్కడా జాగ్రత్త. కొన్ని కాలేజీలు టీస్ బదులు హెసీ ఏ2 అడుగుతాయి. కాలేజీల లిస్టు తేలకముందే ఫీజు కట్టేయకు.

న్యూజెర్సీ నుంచి:
ఏ రాష్ట్రమైనా కాలేజీని వడకట్టేది ఇలాగే. రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి ఉందా? అది లేకపోతే ఎన్‌క్లెక్స్‌కి కూర్చోనివ్వరు. సీసీఎన్ఈ, ఏసీఈఎన్ లాంటి జాతీయ సంస్థ గుర్తింపు ఉందా? అది లేకపోతే తర్వాత ఎంఎస్ఎన్‌కి (నర్సింగ్ మాస్టర్స్) చాలాచోట్ల తలుపులు మూసుకుంటాయి. తర్వాత బోర్డు సైట్‌లో మొదటి ప్రయత్నంలోనే ఎన్‌క్లెక్స్ పాసైనవాళ్ల శాతం ఐదేళ్లది చూడండి. ఆ అంకె 95 ఉందని మురిసిపోకండి. చేరినవాళ్లలో ఎంతమంది సమయానికి పూర్తి చేశారో అడగండి. బలహీనంగా ఉన్నవాళ్లని మధ్యలోనే దించేసి, మిగిలినవాళ్లతో 95 చూపించే చోట్లున్నాయి. ‘సీటు గ్యారంటీ, ప్రీరిక్విజిట్లు మా దగ్గరే’ అని రోజుకి రెండుసార్లు ఫోన్ చేసే చోటు ఫీజు ఒకసారి కూడి చూసుకోండి. ప్రైవేటులో 60 వేల డాలర్లు దాటడం వింతేమీ కాదు. హెచ్‌4 వాళ్లకి ఫాఫ్సా ద్వారా వచ్చే ప్రభుత్వ సాయం లేదు.

నర్సింగ్‌క్యాస్‌లో సబ్మిట్ కొట్టడం వేరు, వెరిఫైడ్ కావడం వేరు. ట్రాన్‌స్క్రిప్టులు చేరాకే వెరిఫికేషన్ మొదలవుతుంది. కొన్ని కాలేజీలు డెడ్‌లైన్‌కి వెరిఫైడ్ అయి ఉండాలంటాయి. ఆరు వారాలు ముందే పంపేయండి.

అప్లికేషన్‌తో రాసే వ్యాసం సంగతి. ‘చిన్నప్పటి నుంచి సేవ చేయాలని నా కోరిక’ అని రాయకండి, వాళ్లు చదివే వందింట్లో ఎనభై అలాగే మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి ఉంటే, షిఫ్ట్ మారేటప్పుడు పెండింగ్ బగ్గులు తర్వాతివాళ్లకి ఎలా అప్పగించేవారో రాయండి. నర్సులు హ్యాండాఫ్‌లో చేసేదీ అదే, చదివేవాళ్లకి వెంటనే తగులుతుంది. హాస్పిటల్లో వాలంటీర్‌గా వెళ్లొచ్చు. సీఎన్ఏ (నర్సింగ్ అసిస్టెంట్) కోర్సు కూడా చేయొచ్చు గానీ, ఈఏడీ లేకుండా జీతం తీసుకునే సీఎన్ఏ పని మాత్రం చేయకూడదు. ‘క్యాష్ ఇస్తాం’ అంటే అసలే వద్దు.

ఇదే చదువుతున్న, ఇండియాలో బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం చేసిన వాళ్లకి: మీరు ఈ దారిలోకి రావద్దు. క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ చేయించుకుని నేరుగా ఎన్‌క్లెక్స్‌కి వెళ్లే వీలుంది.

ఆస్టిన్ నుంచి:
అందరూ ఏబీఎస్ఎన్ అంటున్నారు గానీ, కమ్యూనిటీ కాలేజీలో చేసే రెండేళ్ల డిగ్రీ, ఏడీఎన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అదే ఎన్‌క్లెక్స్, అదే ఆర్‌ఎన్ లైసెన్స్, ఖర్చు ఏబీఎస్ఎన్ కంటే బాగా తక్కువ. ఉద్యోగంలో చేరాక ఆర్‌ఎన్-టు-బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్) ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. నాలుగేళ్ల పిల్లాడున్న ఇంట్లో ఇదే నయం.

ప్లేనో నుంచి:
ఖర్చు విషయంలో ఒప్పుకుంటాను. కానీ పెద్ద ఊళ్లలో మాగ్నెట్ (నర్సింగ్ నాణ్యతకి ఇచ్చే) గుర్తింపున్న హాస్పిటళ్లు కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు బీఎస్ఎన్ వైపే మొగ్గుతాయి. ఏడీఎన్‌లోనూ సీటుకి పోటీ తక్కువేం కాదు. మూడు ఏబీఎస్ఎన్‌లు, రెండు ఏడీఎన్‌లు కలిపి వేయమనే నా సలహా. ప్రీరిక్విజిట్లు దాదాపు అవే.

శాన్ ఆంటోనియో నుంచి:
సీటొచ్చాక కాగితాల దగ్గర ఆగిపోయేవాళ్లని చూసి చెప్తున్నా, టీకాలు ఇప్పుడే మొదలుపెట్టండి. హెపటైటిస్ బీ మూడు డోసులకి ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాత నెలో రెండు నెలలో ఆగి టైటర్ (రక్తంలో రోగనిరోధక శక్తి చూసే పరీక్ష) చేయించాలి. టెక్సస్‌లో ఇది పూర్తికానిదే పేషెంట్ దగ్గరికి పోనివ్వరు. టైమ్ లేకపోతే నెల తేడాతో రెండే డోసుల హెప్లిసావ్ అడగండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ చిన్నప్పుడు వచ్చాయనో వేయించారనో నోటిమాట చెల్లదు, టీకా రికార్డు గానీ రక్తంలో టైటర్ గానీ చూపించాలి.

టీబీ టెస్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది కదా. దాని వల్ల చర్మం మీద చేసే పరీక్ష ఉబ్బి, టీబీ లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. ఒకసారి పాజిటివ్ అని రికార్డులో పడితే ఎక్స్‌రేలు, డాక్టర్ లెటర్లు అంటూ తిప్పుతారు. ‘బీసీజీ వేయించుకున్నాను, క్వాంటిఫెరాన్ రక్త పరీక్షే చేయండి’ అని ముందే చెప్పండి. దానికి బీసీజీతో పేచీ లేదు.

బీఎల్ఎస్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) కోర్సు అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌ది, ప్రాక్టికల్ ఉన్నదే చేయండి. మొత్తం ఆన్‌లైన్‌లో ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదు. ఇంకోటి, ఈఏడీ లేని హెచ్‌4కి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి, తర్వాత లైసెన్స్‌కి ఏ నంబరు ఇవ్వాలో కాలేజీనీ బోర్డునీ ముందే అడగండి. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా అయితే ఐటిన్ (పన్నుల కోసం ఇచ్చే నంబరు) కూడా తీసుకుంటుంది.

ఇర్వింగ్ నుంచి:
ఒకటి మర్చిపోయా చెల్లీ. నర్సింగ్ పరీక్షల్లో బట్టీ పనిచేయదు. నలుగురు పేషెంట్లనిస్తారు: ఆపరేషనై నొప్పి పదికి ఎనిమిది అంటున్నాయన, షుగర్ 140 ఉన్నామె, డిశ్చార్జికి ఎదురుచూస్తున్నాయన, ఇప్పుడే ఆయాసం మొదలై ఆక్సిజన్ 86కి పడినామె. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? ఆయాసం ఆమె దగ్గరికే, ఊపిరి ముందు, నొప్పి తర్వాత. ఇది తేలికగానే ఉంది, అసలు పేపర్లో నాలుగూ నిజమే అనిపిస్తాయి. పాస్ మార్కు చాలాచోట్ల 75 పైనే, 74.9ని 75 చేయరు. ఒక సబ్జెక్టు పోతే తర్వాతి బ్యాచ్‌కి ఆగాలి, రెండు పోతే ఇంటికే.

ఫ్రిస్కో నుంచి:
అందరికీ చాలా థాంక్స్. క్లినికల్స్ రోజుల్లో బాబు కోసం అమ్మని పిలిపించుకుందామనుకుంటున్నాను. సరిపోతుందా?

హ్యూస్టన్ నుంచి:
విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు, మీ కోర్సు 12 నుంచి 18 నెలలు. ఒకేసారి అంతా కవర్ కాదు. క్లినికల్స్ 12 గంటల షిఫ్టులు, పొద్దున ఏడింటికల్లా యూనిట్‌లో ఉండాలి. ఆరింటికి తలుపు తీసే డేకేర్లు తక్కువ. అమ్మగారిని మొదటి సెమిస్టర్‌కి, అటు అత్తగారిని ఆఖరి సెమిస్టర్‌కి రమ్మనండి. మధ్యలో డ్రాపాఫ్ మీవారిది. ఆ సంగతి ఆయనతో అప్లికేషన్ వేయకముందే మాట్లాడండి.