యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్: వయొలిన్ వాయించే పిల్లలకు దారి ఎటు నుంచి?

ప్రశ్న: మేం జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర ఉంటాం. అమ్మాయికి 15 ఏళ్లు, వెస్టర్న్ వయొలిన్. పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే. యువ క్లాసికల్ వాద్యకారులకు పెట్టే ఈ యూరప్ టీవీ పోటీకి దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? పౌరసత్వం అడ్డొస్తుందా? చైకోవ్‌స్కీ కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి సోలోగా వాయించే రచన) మొదటి మూవ్‌మెంట్, అంటే మొదటి భాగం, చేతిలో ఉంది, అది చాలా? హైదరాబాద్‌లో మా బావగారి అబ్బాయి కర్ణాటక వయొలిన్ బాగా వాయిస్తాడు, వాడికీ వీలుంటుందా?

జవాబు 1: దరఖాస్తు నేరుగా పెట్టే పద్ధతే లేదండీ. దీన్ని నడిపేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. 1982లో మాంచెస్టర్‌లో మొదలై రెండేళ్లకోసారి జరుగుతోంది (2020ది కోవిడ్ వల్ల జరగలేదు). ఒక్కో దేశపు టీవీ సంస్థ ఒక్కరినే పంపుతుంది. కాబట్టి మీరు తట్టాల్సిన తలుపు మీ దేశపు ఛానల్‌ది. నార్వేలో అక్కడి టీవీ సంస్థ ఎన్‌ఆర్‌కే ‘విర్తుయోస్’ అని టీవీ పోటీ పెట్టి ఎంచుతూ వచ్చింది, 2012 విజేత రింగ్‌స్టాడ్ ఆ దారినే వచ్చాడు. జర్మనీ వైపు ఈ పని చూస్తూ వచ్చింది కొలోన్‌లోని ప్రసార సంస్థ డబ్ల్యూడీఆర్, అంటే మీ పక్క ఊరే. అక్కడి సంగీత విభాగానికి మీ టీచర్ చేత రాయించండి. తల్లిదండ్రుల ఉత్తరం కన్నా దానికి విలువెక్కువ.

పౌరసత్వం గురించి: 2014లో ఆస్ట్రియా తరఫున గెలిచిన జీయూ హే చైనాలో పుట్టి, సాల్జ్‌బర్గ్‌లో చదువుకుంటున్న కుర్రాడు. కాబట్టి పుట్టిన దేశం చూసి ముందే నిరాశపడకండి. వయసు మాత్రం ఏ తేదీ నాటికి లెక్కిస్తారో నియమావళిలో చూసుకోండి. 

ఈలోగా ‘యూగెండ్ మ్యూజిట్సీర్ట్’ (జర్మనీలో పిల్లలకు పెట్టే జాతీయ సంగీత పోటీ) వదలకండి. జర్మనీలో చదువుకునే పిల్లలకు పాస్‌పోర్టుతో పని లేదు. నమోదు గడువు మామూలుగా నవంబర్ 15. సోలో వయొలిన్ ఏటా ఉండదు, వాద్యాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. మిగతా ఏళ్లలో బృంద విభాగం చూసుకోవాలి.

జవాబు 2: చైకోవ్‌స్కీ మొదటి మూవ్‌మెంట్ 18 నిమిషాల పైమాటే. టీవీ ఫైనల్లో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు, పూర్తి కాన్సర్టో వినేంత ఓపిక ప్రసారానికి ఉండదు. అదే కాన్సర్టో మూడో మూవ్‌మెంట్ అయితే 10 నిమిషాల లోపు. మెండెల్సన్ కాన్సర్టో చివరి మూవ్‌మెంట్ ఆరున్నర, సిబేలియస్ మూడో మూవ్‌మెంట్ ఏడున్నర, షోస్టకోవిచ్ మొదటి కాన్సర్టోలో బర్లెస్క్ అనే చివరి మూవ్‌మెంట్ ఐదు. ఇవన్నీ సుమారు లెక్కలు, మీ అమ్మాయి వేగాన్ని గడియారం పెట్టి చూసుకోండి.

కత్తిరించాల్సి వస్తే అసలు గొడవ అక్కడే. చైకోవ్‌స్కీ మూడో మూవ్‌మెంట్‌లో పాతతరం వయొలిన్ గురువు లియోపోల్డ్ ఆయర్ కాలం నుంచి వచ్చిన కట్‌లు ఉన్నాయి. తిరిగి వచ్చే పదబంధాలను వదిలేసి వాయిస్తారు. కొందరు టీచర్లు వాటితోనే నేర్పుతారు. ఆర్కెస్ట్రా ముందు మాత్రం కట్‌లు లేని పూర్తి ప్రతి ఉంటుంది. మొదటి రిహార్సల్లో అమ్మాయి ఎనిమిది బార్లు (స్వరలిపిలోని తాళపు గళ్లు) దాటేస్తుంది, ఆర్కెస్ట్రా వెనకే ఉంటుంది. అందుకే ఎక్కడ నుంచి ఎక్కడికి దూకుతున్నారో బార్ నంబర్లతో రాసి, ఏ ప్రచురణ వాడుతున్నారో చెప్పి ఆర్కెస్ట్రా లైబ్రరీకి ముందే పంపాలి. పియానో రిడక్షన్‌ (ఆర్కెస్ట్రా భాగాన్ని పియానోకు కుదించిన ప్రతి)లో చోటు గుర్తుకు వేసే రిహార్సల్ అక్షరాలు ఆర్కెస్ట్రా పార్ట్‌లలోని అక్షరాలతో అన్నిసార్లూ కలవవు, వాటిని నమ్మకండి. కట్ ఎప్పుడూ ఒకే స్వరస్థాయిలో ఉన్న రెండు చోట్ల మధ్య, వీలైతే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే చోట (టుట్టీలో) వేయాలి. సోలో మధ్యలో వేస్తే కుట్టు కనిపిస్తుంది.

ఒకసారి పంపాక మార్చొద్దు. కంట్రోల్ రూమ్‌లో ఒకరు స్వరలిపి (స్కోర్) చదువుతూ బార్ లెక్కతో కెమెరాలను పిలుస్తారు. చివరి రోజు కట్ మారిస్తే సోలో నడుస్తుండగా తెరమీద ట్రంపెట్ కనిపిస్తుంది.

హక్కులు కూడా: సిబేలియస్ 1957లో పోయారు, 70 ఏళ్ల లెక్కన యూరప్‌లో 2027 చివరి దాకా కాపీరైట్ ఉంటుంది. షోస్టకోవిచ్ (1975)కి 2045 దాకా. పార్ట్‌లు ప్రచురణకర్త దగ్గర అద్దెకు తేవాలి, ప్రసార అనుమతి వేరు. ఛానల్ చూసుకుంటుంది గానీ, వాళ్లకు ఆలస్యంగా చెబితే రచనే మార్చమంటారు.

జవాబు 3: ఎంపిక వీడియో సంగతి నేను చెబుతాను. ఒక మూవ్‌మెంట్‌ను ఒకే టేక్‌లో తీయాలి, మధ్యలో అతుకులు వద్దు. రెండు చేతులూ, బో (కమాను) మొత్తం ఫ్రేములో ఉండాలి. ఫోన్ మైక్ తనంతట తనే శబ్దం హెచ్చించి తగ్గిస్తుంది, దాంతో పియానిసిమో (చాలా మెల్లగా), ఫోర్టే (గట్టిగా) ఒకటే అయిపోతాయి. విడి రికార్డర్ పెట్టి, ఆటో లెవెల్, నాయిస్ తగ్గించే సెట్టింగులు ఆపేసి, 48 కిలోహెర్ట్జ్ వావ్ (WAV) ఫైలుగా తీయండి. గరిష్ఠం మైనస్ 6 డీబీ దాటకుండా చూడండి. మైక్ 2 నుంచి 3 మీటర్ల దూరంలో, తల కన్నా కాస్త ఎత్తులో. దగ్గర పెడితే బో గీర తప్ప ఏమీ వినపడదు.

జవాబు 4: శ్రుతి సంగతి ఎవరూ చెప్పలేదు. జర్మన్ ఆర్కెస్ట్రాలు శ్రుతి కలుపుకునే ‘ఏ’ (A) స్వరాన్ని 442 హెర్ట్జ్ దగ్గర పెడతాయి, కొన్ని 443. ఇంట్లో పియానో 440లో ఉంటే తేడా సుమారు 8 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). చెవి 440కి అలవాటుపడితే ఆర్కెస్ట్రా ముందు మొత్తం కిందకు జారుతుంది. రెండు నెలల ముందు నుంచే 442లో సాధన చేయించండి. సింథటిక్ తీగలు నిలదొక్కుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఫైనల్‌కు వారం ముందు మార్చండి.

ఈ పోటీ వియన్నా టౌన్‌హాల్ ముందు, కొలోన్ కెథడ్రల్ పక్క చౌక్‌లో ఆరుబయట కూడా జరిగింది. చలికి తీగ బిగిసి శ్రుతి పైకి పోతుంది, ఫ్లూట్, క్లారినెట్‌లు కిందకు దిగుతాయి. ఇద్దరి మధ్య నలిగేది సోలో వాయించే పిల్లే.

బావగారి అబ్బాయి విషయం: ఇండియా ఈ పోటీలో ఎప్పుడూ లేదు, హైదరాబాద్ నుంచి దారి లేదు. ఉన్నా కర్ణాటక వయొలిన్ స-ప-స-ప శ్రుతిలో, మామూలు జి-డి-ఏ-ఇ కన్నా కిందికి ఉంటుంది, పట్టుకునే తీరే వేరు. రెండింటికీ ఒకే వయొలిన్ వాడి తీగలు రోజూ దించి ఎక్కిస్తే ఏదీ నిలవదు. అది తక్కువని కాదు, వేరే విద్య.

ప్రశ్న అడిగినవారు: చాలా ఉపయోగపడిందండీ. ఒకటే సందేహం. తను లంగా ఓణీలో వాయిస్తానంటోంది. టీవీకి బాగుంటుందా?

జవాబు 2: బాగుంటుంది కానీ ఓణీ ఎడమ భుజం మీదే వస్తుంది, వయొలిన్ కూర్చునేదీ అక్కడే. పట్టు మీద షోల్డర్ రెస్ట్ జారుతుంది. వెనక రెండు పిన్నులు, భుజం మీద ఒకటి పెట్టి, మడత పలచగా వేసి అదే బట్టతో కనీసం నాలుగు సార్లు పూర్తిగా వాయించి చూడండి. సన్న గీతలు, చిన్న గళ్లు కెమెరాలో అలలుగా కదులుతాయి, వద్దు. ఎడమ చెవి బుట్టలు చిన్ రెస్ట్‌కు తగిలి చప్పుడు చేస్తాయి. గాజులు అసలే వద్దు, వయొలిన్ బ్రిడ్జ్ (తీగల కింది వంతెన) వెనక క్లిప్ మైక్ పెడితే అన్నీ వినిపిస్తాయి.

జవాబు 1: బో పాతదైతే కొన మీద తెల్ల పలక ఏనుగు దంతమా, ఎముకా అని మరమ్మతు చేసేవారిని అడిగి రాతలో తీసుకోండి. దంతమైతే ఈయూ దాటేటప్పుడు (2024 పోటీ ఈయూలో లేని నార్వేలోని బోడోలో జరిగింది) సైటీస్ (అంతరించే జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రం కావాలి. జర్మనీలో అది ఇచ్చేది బాన్‌లోని ప్రకృతి పరిరక్షణ కార్యాలయం బీఎఫ్‌ఎన్. అంత తిరగడం ఎందుకనుకుంటే కొనను ఎముకతో మార్పించండి, లేదా ప్రయాణానికి వేరే బో పెట్టుకోండి. ఆ బోతో ముందు నెల రోజులైనా సాధన ఉండాలి.