డైరెక్ట్ పేమెంట్‌తో నాన్నగారి సంరక్షణకు మన వాళ్లనే పెట్టుకోవచ్చా?

ప్రశ్న – రెడింగ్ వాసి

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా నాన్నగారికి స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ ఇంకొకరి సాయం కావలసి వస్తోంది. కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) తరఫున వచ్చే ఏజెన్సీ కేరర్లు (సంరక్షకులు) మర్యాదస్తులే గాని తరచూ మారిపోతుంటారు; ఇంగ్లీషు అంతగా రాని ఆయన, ముఖపరిచయం లేని మనిషి స్నానం చేయించబోతే ఒప్పుకోవడం లేదు. ఆ సేవకు బదులు ‘డైరెక్ట్ పేమెంట్’ పేరుతో సొమ్మే మాకు ఇస్తామనీ, మనిషిని మేమే చూసుకోవచ్చనీ సోషల్ వర్కర్ అన్నారు. మాతోనే ఉంటూ ఉద్యోగం మానుకుని ఆయనను చూసుకుంటున్న నా భార్యకు దాన్ని జీతంగా ఇవ్వవచ్చా? కాకపోతే పక్క వీధిలో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయిని పెట్టుకోవచ్చా?

సమాధానం – లెస్టర్ అక్కయ్య

ఇంగ్లండులో 2014 నాటి కేర్ యాక్ట్ కింద ఉన్న నిబంధనల ప్రకారం, ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువుకు, అంటే కోడలికి కూడా, సంరక్షణ చేసినందుకు ఈ సొమ్ము సాధారణంగా ఇవ్వకూడదు. అది తప్పనిసరి అని కౌన్సిల్ భావిస్తే మినహాయింపు ఉంటుంది కనుక, భాష ఇబ్బందినీ, ఆయన స్నానానికి నిరాకరించిన సందర్భాలనూ కేర్ ప్లాన్‌లో (ఆయనకు ఏ సాయం కావాలో కౌన్సిల్ రాసే పత్రంలో) రాయించి అడగండి. పెద్దమ్మగారి అబ్బాయి, అంటే మీ అన్నయ్యగారు, వేరే ఇంట్లో ఉంటారు కాబట్టి ఆ అడ్డంకి లేదు. నాన్నగారికి అటెండెన్స్ అలవెన్స్ (సాయం అవసరమైన పెద్దవారికి ప్రభుత్వమిచ్చే భత్యం) వస్తూ, మీ భార్య వారానికి 35 గంటలైనా ఆయన కోసం వెచ్చిస్తుంటే, సంరక్షకులకు ప్రభుత్వమిచ్చే కేరర్స్ అలవెన్స్‌కు ఆమె విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. మన ఇళ్లలో కోడలి చాకిరీని ఎవరూ లెక్కలో వేయరు గనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

సమాధానం – పేరోల్ గుమాస్తా

అన్నయ్యగారిని పెట్టుకున్న రోజు నుంచి ఆయన ఉద్యోగి, మీ నాన్నగారు యజమాని అవుతారు. కనీస వేతనం, ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు, యజమాని బాధ్యతా బీమా, జీతాన్ని బట్టి పింఛను, హెచ్‌ఎమ్‌ఆర్‌సీ అనే పన్నుల శాఖలో నమోదు, ఇవన్నీ వర్తిస్తాయి. బంధుత్వం ఉంది కదా అని వదిలేస్తే తరువాత చిక్కులు వస్తాయి. జీతాల లెక్కలు చూసే పేరోల్ సంస్థ రుసుము, బీమా ఖర్చు, అన్నయ్యగారు సెలవు పెడితే వచ్చే మనిషి ఖర్చు కలిపే కౌన్సిల్ బడ్జెట్ ఇస్తోందా అన్నది సంతకం చేయకముందే తేల్చుకోండి. నా అనుభవంలో చాలామంది తడబడేది ఇక్కడే. విడి బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి రసీదూ దాచండి. మిగిలిన సొమ్మును కౌన్సిల్ వెనక్కి అడగవచ్చు.

సమాధానం – హారో నివాసి

సంరక్షణ ఖర్చు ఎవరు భరించాలో తేల్చడానికి కౌన్సిల్ చేసే ఆస్తుల విచారణ సంగతి కూడా చూసుకోండి. సంరక్షణ ఇంట్లోనే గనుక నాన్నగారు నివసించే ఇంటి విలువను లెక్కలోకి తీసుకోరు. కాని పొదుపూ ఇతర ఆస్తులూ కలిపి 23,250 పౌండ్లు దాటితే మామూలుగా ఖర్చంతా ఆయనే భరించవలసి వస్తుంది. ఊళ్లో ఆయన పేరున పొలమో, విజయవాడలో ఫ్లాటో ఉంటే అదీ ఆస్తి కిందికే వస్తుంది. ఇండియాలోది కదా అని దాచకండి, ఇప్పుడు హడావుడిగా మీ పేరు మీదికి మార్పించకండి. ఖర్చు తప్పించుకోవడానికే మార్చారని కౌన్సిల్ నిర్ణయిస్తే, అది ఇంకా ఆయన దగ్గరే ఉన్నట్టు లెక్కకట్టగలదు.