అప్‌డేట్: అమ్మమ్మ కుంపటి కేక్ కుదిరింది

1960లలో గుంటూరు అరండల్‌పేటలో మా అమ్మమ్మ ఓవెన్ లేకుండా కుంపటి మీద కేక్ ఎలా చేసేదని, నాకేమో అడుగు మాడి మధ్యలో పచ్చిగా ఎందుకు వస్తోందని పోయిన నెల అడిగాను కదా. పైనుంచి కూడా వేడి తగలాలన్నవాళ్లకు చాలా థాంక్స్. లోపం అదే.

ఈసారి దళసరి గిన్నెలో రెండంగుళాల ఇసుక పోసి 15 నిమిషాలు కాచాను. మైదా, వెన్న, పంచదార, గుడ్లు నాలుగూ సమాన తూకం, పాత పౌండ్ కేక్ లెక్కే. సోడా వేయలేదు. అందుకే వెన్నా పంచదారా తెల్లటి నురగలా అయ్యేదాకా చెయ్యి నొప్పెట్టేలా గిలకొట్టాను. ఆ పిండి పోసిన గిన్నెను వేడి ఇసుక మీద పెట్టి, పెద్ద గిన్నెకు మూత వేసి, మూత మీద నిప్పులు పరిచి, కింద సెగ తగ్గించాను. 50 నిమిషాలకు పుల్ల గుచ్చితే ఏమీ అంటకుండా వచ్చింది.

అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇదే వాసన" అని కళ్లు తుడుచుకుంది. ఆదివారం ఇంకోటి చేయమంది.