అప్‌డేట్: ఫ్రిజ్‌లో పెట్టిన పాలు పాప తాగట్లేదన్న సమస్య తీరింది

ఆఫీసులో పంప్ చేసి తెచ్చిన నా పాలు మర్నాటికి సబ్బు వాసన వస్తున్నాయని, పాప నోట్లో పెట్టగానే ఉమ్మేస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

సీసాది తప్పేం లేదు. ప్లాస్టిక్ మార్చి గాజువి కొన్నాను, నిపుల్స్ మూడు రకాలు చూశాను, తేడా లేదు. లాక్టేషన్ కన్సల్టెంట్ (తల్లిపాల విషయంలో సలహాలిచ్చే నిపుణురాలు) అప్పుడే తీసిన పాలు అదే పాత సీసాలో పట్టించమన్నారు. గుటగుటా తాగేసింది! నా పాలల్లో లైపేజ్ అనే ఎంజైమ్ చురుగ్గా ఉండి కొవ్వును విడగొడుతోందట. ఆ పాలు తాగినా హాని లేదు, రుచే మారుతుందన్నారు. ఇన్నాళ్లూ పారబోసినవి తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఇక్కడ ఒకరు చెప్పిన చిట్కానే ఆవిడా చెప్పారు. పంప్ చేసిన వెంటనే పాలు గిన్నెలో పోసి కాచి, అంచున చిన్న బుడగలు రాగానే దించెయ్యాలి, మరగనివ్వకూడదు. వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. వాసన వచ్చాక కాస్తే లాభం లేదు. కాస్తే కొన్ని పోషకాలు తగ్గుతాయి కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడు నేరుగానే పడుతున్నాను. ఫ్రిజ్‌లోవి 4 రోజుల్లోపు వాడేస్తున్నాను.

నిన్న 90 ఎంఎల్ సీసా ఖాళీ చేసి, ఇంకా కావాలని ఏడ్చిందట.