చర్చ: హంతకుడు తనే వచ్చి ఒప్పుకుంటే, సీఐ అనుమానం మీద నవల నిలుస్తుందా?

పెన్నాతీరం:
నేను రాస్తున్న నవల ఇతివృత్తం ఇది. అల్లూరు మండలంలో సముద్రం వైపు ఒక రొయ్యల చెరువు. తెల్లారి 6 గంటలకు కాపలాదారు శవం నీళ్లలో తేలుతూ కనిపించింది. 9 గంటలకు పక్క చెరువులో మేత వేసే కుర్రాడు స్టేషన్‌కొచ్చి, "రాత్రి రెండింటప్పుడు నేనే తలమీద కొట్టి నీళ్లలోకి తోశాను" అన్నాడు. ఊరికీ పైఅధికారులకీ కేసు తేలిపోయింది. సీఐకి మాత్రం నమ్మకం కుదరలేదు. నవలంతా ఆ అనుమానమే. అయితే పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో ఎలాగూ చెల్లదు గదా. చెల్లని మాటను అనుమానించడానికి 300 పేజీలు ఎందుకని పాఠకుడు అడగడా?

కందుకూరు వకీలు:
అడుగుతాడు. జవాబు దొరక్కపోతే పుస్తకం మూసేస్తాడు కూడా. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 25, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23. తనే నడిచొచ్చి చెప్పినా, ఆ మాటనే ఎఫ్ఐఆర్‌గా కట్టినా తేడా లేదు. అఘ్నూ నగేసియా కేసులో 1965లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. నిందితుడే ఇచ్చిన ఎఫ్ఐఆర్‌లో "నేనే చంపాను" అన్న ముక్క ఒక్కటే కాదు, ఎందుకు చంపాడు, అంతకుముందు ఏం చేశాడు అన్నదీ పక్కన పెట్టాల్సిందే. ఆ మాట పట్టుకుని వెళ్తే కొత్తగా ఏదైనా బయటపడితే, దానికి సంబంధించినంత వరకే మిగులుతుంది. కాబట్టి కోర్టులో ఆ ఒప్పుకోలును ముక్కలు చేసే సీను పెట్టుకుని ఉంటే ఇప్పుడే తీసేయండి. నా లెక్కలో ఈ నవల నిలవదు.

ఒంగోలు పాఠకుడు:
వకీలు గారూ, ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, స్టేషన్‌లో చెల్లుతుంది. అది వచ్చిన గంట నుంచి మిగతావాళ్లను అడగడం ఆగిపోతుంది. కాల్ రికార్డులు తెప్పించరు, గట్టు మీద అడుగుల గుర్తులు తొక్కేస్తారు, కుక్క వచ్చేసరికి వాసనలన్నీ కలిసిపోతాయి. అసలువాడికి కావాల్సిందీ అదే. నవలకు బరువు అక్కడుంది.

ఇక మీరన్న ఆ మిగిలిన ముక్క, పాత సెక్షన్ 27. దాని మీద దేశమంతా చదివే తీర్పు మన పక్క గుంటూరు జిల్లా కేసే: పులుకూరి కోటయ్య, ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు కోర్టు), 1946. "బల్లెం దొడ్లో దాచాను, చూపిస్తాను" వరకే చెల్లుతుంది, "దాంతోనే పొడిచాను" చెల్లదు. బయటపడిన విషయమంటే వస్తువు కాదు, అది ఫలానా చోట ఉందని అతనికి తెలియడం. మీ సీఐ పట్టుకోవాల్సింది ఈ తెలియడాన్నే. కుర్రాడు చూపించిన ఇనుప పైపు గట్టు మీద అందరి కళ్లకూ కనిపించేదైతే అతనికి తెలిసింది సున్నా. మధ్యవర్తుల నివేదికలు (సాక్షుల ఎదుట రాసే పంచనామాలు) చెడేది కూడా ఇక్కడే. వస్తువు ముందు దొరికి, "చూపిస్తాను" అన్న మాట తర్వాత రాసుకుంటారు. వీఆర్వో సంతకం పెట్టిన టైము, జీపు బయల్దేరిన టైము పొసగవు.

శవపరీక్ష అభిమాని:
మీరంతా చట్టం చూస్తున్నారు, నీళ్లను చూడటంలేదు. పెన్నాతీరం గారూ, మీ కథలో పెద్ద తప్పుంది. రాత్రి 2 గంటలకు నీళ్లలో పడిన శవం 6 గంటలకు తేలదు. మొదట మునుగుతుంది. లోపల కుళ్లి గ్యాసు పుట్టాకే పైకి వస్తుంది. మన ఎండాకాలంలో దానికి సుమారు ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. నాలుగు గంటల్లో అయితే శవం అడుగునే ఉండాలి, చెరువులో దిగినవాడి కాలికి తగలాలి.

పెన్నాతీరం:
అది నా పొరపాటే. కానీ దిద్దకుండా అలాగే ఉంచితే? శవం తేలిందంటే చావు ముందురోజుది. అంటే కుర్రాడు చెప్పిన టైము అబద్ధం. సీఐ అనుమానానికి అదే మొదటి మెట్టు అవుతుంది.

శవపరీక్ష అభిమాని:
అవుతుంది, రుజువు మాత్రం కాదు. ఉప్పునీళ్లు ఎక్కువ మోస్తాయి, ఒంట్లో కొవ్వు ఎక్కువున్నా, బట్టల్లో గాలి చిక్కినా త్వరగా తేలొచ్చు. డాక్టర్ ఆ మాట అనకపోతే చదివినవాళ్లు నవ్వుతారు. దానికి తోడు రెండోది పెట్టండి. కుర్రాడు "కరెంటు లేదు, ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగున్నాయి, అందుకే అతని అరుపు నాకు స్పష్టంగా వినబడింది" అన్నాడనుకోండి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకు పడేది తెల్లవారుజామునే. ఒత్తుగా వేసిన వనామీ రకం రొయ్యల చెరువులో ఆ వేళ ఏరేటర్లు గంటల తరబడి ఆగితే రొయ్యలు పైకొచ్చి మూతులు పెడతాయి, పొద్దునకు అంచులెంబడి చచ్చి పడుంటాయి. ఆ ఉదయం రొయ్యలు బతికే ఉన్నాయి. ఇక సబ్‌స్టేషన్ లాగ్ షీటులో ఆ చెరువులకు కరెంటిచ్చే ఫీడరు లైను ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది రాసుంటుంది. జనరేటర్ డీజిల్ ఖర్చు ఇంకో లెక్క.

కాలవలో ముంచి చంపి చెరువులో వేశారన్నది మీ మలుపైతే డయాటమ్ పరీక్ష వాడండి. డయాటమ్‌లంటే నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు. ప్రాణం ఉండగా మునిగితేనే అవి రక్తంతో ఎముక మజ్జ దాకా పోతాయి. మంచినీళ్లవీ ఉప్పునీళ్లవీ వేరు. రెండు చోట్ల నీళ్లూ ఆ రోజే పట్టాలి. మర్నాడు చెరువులో సున్నమో బ్లీచింగో చల్లితే పోలిక పోయినట్టే. ఊపిరితిత్తుల్లో మాత్రమే కనిపిస్తే లెక్కలోకి రాదు, శవంలోకి కూడా నీళ్లు చేరతాయి.

ఉదయగిరి:
ఇవన్నీ బాగున్నాయన్నా, కానీ అసలు ప్రశ్న వదిలేశారు. ఏ వివరం ముందు ఎవరి నోట్లోంచి వచ్చింది? "పైపుతో కొట్టావా?" అని ఎస్సై అడిగితే "అవును సార్" అన్నవాడికి పైపు సంగతి తెలిసినట్టు కాదు. సాయంత్రానికి రాసిన కాగితంలో మాత్రం "పైపుతో కొట్టాను" అని అతని మాటగానే ఉంటుంది. మన ఊళ్లలో శవాన్ని ఏడింటికల్లా ఊరంతా చూసుంటుంది. అందుకని దాచిపెట్టగలిగింది శవపరీక్ష మాత్రమే చెప్పే వివరం. దెబ్బలు ఎన్ని, ముందు నుంచా వెనక నుంచా, మెడ మీద వేళ్ల గుర్తులున్నాయా. మీ కుర్రాడు 9 గంటలకే వచ్చాడు, శవపరీక్ష మధ్యాహ్నం. ఆ నడుమ చెప్పిందే బంగారం. ఉదయం "ఒక దెబ్బ" అన్నవాడు సాయంత్రం "మూడు దెబ్బలు" అంటే, ఆ మూడు రిపోర్టులోంచి అతని నోట్లోకి వచ్చినవి.

ఉదయం ఏమన్నాడో సీఐకి ఎలా తెలుసు? 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ మాటతో సహా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. 18 నెలలు దాచాలి, వీలుకాకుంటే కనీసం ఏడాది. రిసెప్షన్ బల్ల దగ్గర పడిన మొదటి మాటలు అందులో ఉంటాయి. మీ సీఐ సొంత స్టేషన్ రికార్డునే సొంత సిబ్బందికి ఎదురుగా తెప్పించుకోవాలి. కోర్టు సీను కంటే ఆ అధ్యాయం రాయడం కష్టం, చదవడం ఇంకా కష్టం.

కందుకూరు వకీలు:
నిలవదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పటికీ ఒకచోట ఒప్పుకోను. కుర్రాడు మెజిస్ట్రేటు ముందు కూడా అదే చెబితే ఏం చేస్తారు? పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి)లో సెక్షన్ 164, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 183. అది చెల్లుతుంది. వాంగ్మూలం రాసుకునే ముందు మెజిస్ట్రేటు అతనికి చెప్పాలి, "నువ్వు చెప్పనక్కర్లేదు, చెబితే నీ మీదే వాడొచ్చు" అని. ఆలోచించుకోవడానికి మామూలుగా 24 గంటలన్నా ఇవ్వాలని సర్వన్ సింగ్ కేసులో 1957లోనే చెప్పారు. చెప్పనంటే మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు. ఎవరినో కాపాడటానికి ఇష్టపడే ఒప్పుకుంటున్న కుర్రాడిని ఈ జాగ్రత్తలేవీ ఆపవు. అవి భయపడి ఒప్పుకునేవాడి కోసం పెట్టినవి. అక్కడ సీఐ దగ్గర రొయ్యలు, లాగ్ షీటు, రికార్డు తప్ప ఇంకేమీ మిగలవు.

ఒంగోలు పాఠకుడు:
అందుకే ఆ సెక్షన్ 183 అధ్యాయం ఉండాల్సిందే. అది లేకుంటే సీఐకి ఓడిపోయే భయమే లేదు.

పెన్నాతీరం:
పెడతాను, నడిమధ్యలో. కుర్రాడు వచ్చే టైము 7:30కి జరుపుతున్నా, శవ పంచనామా కూడా మొదలుకాక ముందు. చివర సీఐ "సాక్ష్యం చాలదు" అని నివేదిక వేస్తాడు, కుర్రాడు చెముడుగుంట జైలు గేటు దాటి వస్తాడు.

కందుకూరు వకీలు:
ఆ నివేదిక పాత 169, ఇప్పటి 189. దాని మీద వదిలినా ఊరికే రాడు. పిలిచినప్పుడు వస్తానని బాండు రాసి వస్తాడు. ఆ సంతకం పెట్టించండి.