కొల్లేటి పిట్టల లెక్కలో చిక్కు, కాస్త సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మాది ఆకివీడు. జనవరి 1 నుంచి కంటబడిన ప్రతి రకం పిట్టనీ, జంతువునీ నోటుబుక్కులో రాస్తున్నాను. గూడబాతు, నామాలకోడి, లకుముకిపిట్ట, ముంగిస... ఇప్పటికి 63 అయ్యాయి. జూన్‌లో వీపు ముదురెరుపు తిరిగిన కొంగను కొత్తదనుకుని రాసేశాను. తీరా చూస్తే అది గుడ్డికొంగే, గూడు కట్టే కాలంలో రంగు మారుతుంది. కొట్టేశాను. అప్పట్నించీ ప్రతిదీ అనుమానమే.

మొన్న చేపలచెరువు గట్టున ఉల్లంకిపిట్ట లాంటిది కనిపించింది. గోధుమరంగు వీపు నిండా తెల్లటి చుక్కలు, కంటిపైన తెల్ల గీత, పసుపుపచ్చ కాళ్ళు. నిలబడ్డచోటే వెనకభాగం పైకీ కిందికీ ఆడిస్తోంది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరిసింది. ఇది ఉల్లంకుల్లో వుడ్ శాండ్‌పైపర్ అనే రకమా, గ్రీన్ శాండ్‌పైపరా? రెక్క అడుగు నల్లగా ఉంటే గ్రీన్ అంటారు, అదే నాకు కనబడలేదు. కాళ్ళ రంగును బట్టి తేల్చేయొచ్చా?

ఇంకోటి. కూత మాత్రమే విన్న కోకిలను లెక్కలో వేయొచ్చా? హైవే మీద బండి కిందపడి చచ్చిపోయిన జంగుపిల్లినో? దాన్ని రాయడానికి చెయ్యి రాలేదు, వదిలెయ్యడానికీ మనసొప్పలేదు. ఏళ్ళుగా రాస్తున్నవాళ్ళు మీరెలా రాస్తున్నారో చెప్పండి.